బంగారుతీగ వండిన ఎండాకాలం

మా అమ్మకు వాసన తెలియడం లేదన్న సంగతి నాకు గ్యాసు వల్ల తెలిసింది.

ఏప్రిల్ చివరి వారం. లైబ్రరీ నుంచి మధ్యాహ్నం ఇంటికొచ్చి తలుపు తోశాను. గది నిండా గ్యాసు వాసన. స్టవ్వు గొట్టం ఊడి వేలాడుతోంది. దానికి రెండడుగుల దూరంలో అమ్మ పీట మీద కూర్చుని నిమ్మళంగా వెల్లుల్లి పొట్టు తీస్తోంది. పక్కనే అగ్గిపెట్టె ఉంది.

రెగ్యులేటర్ కట్టేసి, కిటికీ తెరిచి, అమ్మ చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగాను.

“ఏందే, ఎందుకు గుంజుతున్నవ్?”

“గ్యాసు వాసన వస్తలేదా నీకు?”

అమ్మ వేళ్ల మధ్య ఇంకా వెల్లుల్లి రెబ్బ ఉంది. దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, కాసేపుంచి దించేసింది.

“మార్చిల జ్వరమొచ్చిన సంది ఏ వాసనా తెలుస్తలేదు బిడ్డా. ఉప్పు, పులుపు, కారం తెలుస్తయ్. వాసనొక్కటే పోయింది.”

“దవాఖానకు పోయినవా?”

“పోయిన. వస్తే వస్తది, రాకుంటే లేదన్నడు డాక్టరు. నువ్వు ఎవలతోని అనకు. మీ నాయినతోని గూడ. వంట చేసేదానికి ముక్కు లేదంటే మన బండి కాడికి ఎవలొస్తరు?”

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందు మొగలో తొమ్మిదేళ్లుగా మా భోజనాల బండి ఉంది. కోర్టు గుమాస్తాలు, ఆఫీసుల వాళ్లు, రైలు దిగినవాళ్లు అక్కడ తింటారు. బుధవారం, శనివారం చేపల పులుసు. అమ్మ పేరు సమ్మక్క. బండికి బోర్డు లేదు, ఆ పేరే బోర్డు. నాయిన బాలమల్లు అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో లిఫ్టు నడుపుతాడు. ఇంట్లో డిగ్రీ దాకా చదివినదాన్ని నేనొక్కదాన్నే. జూనియర్ అసిస్టెంట్ పరీక్ష రాసి ఫలితం కోసం చూస్తున్నాను.

గ్యాసు ఊడిన వారానికే అమరేశ్వరరావు గారు ఆ మాట అన్నారు. అబిడ్స్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు ఆయన. ఉద్యోగుల సంఘం కార్యదర్శి కూడా. ప్రతి బుధవారం మా బండి దాకా నడిచొచ్చి తినేవారు.

“సమ్మక్కా, మృగశిర కార్తె రోజు మా ఆఫీసులో వందమందికి చేపల భోజనం నువ్వే పెట్టాలి. మా క్యాంటీన్ గది రెండు నెలలుగా ఖాళీగా పడుంది. ఆ పూట మావాళ్లకి నచ్చిందంటే గది నీకిప్పించే పూచీ నాది.”

ఆ గది అమ్మకు ఎంత అవసరమో నాకు తెలుసు. మృగశిర రోజు చేప తినడం పట్నంలో ఆనవాయితీ, ఆ కార్తెతోనే వానలు మొదలవుతాయి. వాన పడుతుంటే బండి దగ్గర పళ్లెం పట్టుకుని ఎవరూ నిలబడరు. ప్రతి ఏడూ వానాకాలం సగం రోజులు బండి మూసే ఉంటుంది. తలమీద ఒక కప్పు కోసం అమ్మ తొమ్మిదేళ్లుగా చూస్తోంది.

సరిగ్గా అప్పుడే మల్లేష్ మామ వచ్చాడు. మామ అమ్మకు తమ్ముడు. తాండూరు వైపు మా ఊరి చేపల సొసైటీలో సభ్యుడు. చెరువు ఎండిపోతోందనీ, మిగిలినదంతా బంగారుతీగేననీ చెప్పాడు.

బంగారుతీగ చెరువు అడుగున మూతి పెట్టి బురద తవ్వుకుని తినే చేప. అందుకే ఒళ్లంతా మట్టి వాసన. పైగా కండ నిండా చీలిక చీలికల సన్న ముళ్లు. మార్కెట్లో బొచ్చె, రవ్వ అయిపోయాకే జనం దానివైపు చూస్తారు. ఎండాకాలం నీళ్లు తగ్గి చెరువు చిక్కబడేకొద్దీ దాని వాసన ఇంకా పెరుగుతుంది.

“ఏపారి తీస్కుంటలేడక్కా,” అన్నాడు మామ. “గిన్ని చేపలు నేనేం జేసుకోవాలె? నువ్వు వండినంక తిననోడు ఉంటడా?”

“తే,” అంది అమ్మ. “మృగశిరకు గూడ గవ్వే వండుత.”

మొదటి బుధవారం బొచ్చెను వండినట్టే దాన్నీ వండింది. నేను బండి దగ్గరికి వెళ్లేసరికి పళ్లేలు తిరిగొస్తున్నాయి. అన్నం తిన్నారు, పులుసు కొంచెం కలుపుకున్నారు, ముక్క మాత్రం అంచున అలాగే ఉంది. ఒకటి కాదు, రెండు కాదు.

అమరేశ్వరరావు గారు ముక్క విరిచి, నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలారు.

“ఏ చేప ఇది?”

“బంగారుతీగ సార్.”

“చేప తిన్నట్టు లేదమ్మా. చెరువులో పడి రెండు గుక్కలు మింగినట్టుంది.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే గిన్నె మీదికి వంగి, అందరూ చూసేలా గట్టిగా ఊపిరి పీల్చింది.

“ఔ సార్, జర వస్తుంది,” అంది.

అమ్మ అబద్ధమాడటం నేను అంతకుముందు చూడలేదు.

ఆయన చెయ్యి కడుక్కుని నెమ్మదిగా చెప్పారు. “ఆ రోజు ఏ చేప పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఈ వాసన మాత్రం రాకూడదు. వందమందిలో నా మాట పోతుంది. ఇక గది సంగతి నేనెత్తలేను.”

ఇంటికొచ్చాక అమ్మతో అన్నాను. “ఆ చేప వద్దమ్మా. మామకు చెప్పు.”

“చెప్ప. మాటిచ్చిన. అయినా ఆ వారంల పట్నం మొత్తం చేపల మీదనే పడతది, మనకు వేరేది దొరకద్దా? గీ చేపనే మంచిగ వండుదాం. నా ముక్కు లేకుంటే ఏమాయె, నీది లేదా?”

అలా నేను మా అమ్మ ముక్కునయ్యాను. నా పరీక్ష నోట్సు చివరి పేజీల్లో గళ్లు గీసి, ప్రతి వంటకూ మట్టికి మార్కులు వేశాను. పదికి. ఎంత తక్కువొస్తే అంత మంచిది. మొదటి పులుసుకు తొమ్మిది రాశాను.

రాళ్ల ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి నాలుగు నీళ్లు కడిగితే ఏడు. శనగపిండి రాసి పుల్లటి మజ్జిగలో గంట నానబెడితే ఆరు. చర్మం ఒలిచి, దాని కింద పక్క పొడుగునా ఉండే నల్లెర్రటి కండ తీసేస్తే ఐదు. చింతచిగురు దండిగా వేసి పులుసు పెడితే నోటికి మట్టి తెలియలేదు, మూత తీసినప్పుడు మాత్రం తెలిసింది. దానికీ ఐదే వేశాను.

“నాలుగెయ్యరాదే,” అంది అమ్మ.

“నాలుగు కాదు.”

“మాస్టరమ్మ తయారైంది ఇంట్ల.”

అమ్మ ఉండగా నేనెందుకు వాసన చూస్తున్నానో నాయినకు తెలియదు. పెట్టింది తిని “మంచిగుంది” అనేవాడు. పన్నెండో రోజు మాత్రం పళ్లెం ముందు కూర్చుని చేతులు జోడించాడు. “రేపొక్కనాడు పప్పు పెట్టున్రి. మీకు పుణ్యముంటది.”

మేం అద్దెకుండే రెండు గదులూ అబిడ్స్ వెనక సందులో ఒక పాత ఇంటి పెరటి వైపున ఉన్నాయి. ఇంటివాళ్లు శ్రీరామమూర్తి గారు, జానకమ్మ గారు. యాభైఆరులో రాజధాని కర్నూలు నుంచి ఇక్కడికి మారినప్పుడు గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. జానకమ్మ గారు ఒకరోజు వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

“ఏంటే సమ్మక్కా, రెండు వారాలుగా పెరట్లో చేప తప్ప వేరే వాసన లేదు. ఏం చేపే అది?”

చెప్పాను. ఆవిడ ముఖం చిట్లించారు.

“దాన్ని కొనుక్కుని మరీ తింటున్నారా? సరే, ఆ ముళ్లు ఏరాలని చూడకండి, జన్మలో తెమలదు. ముల్లుని తియ్యకూడదు, కొయ్యాలి. వీపు మీద బియ్యపుగింజంత ఎడంతో గాట్లు పెట్టు. నూనెలో పడ్డాక ముల్లు కరకరలాడిపోతుంది. తర్వాత పులుసులో వేసుకో.”

కత్తిపీట ముందు తనే కూర్చుని చూపించారు. డెబ్భై ఏళ్లు దాటిన వేళ్లు వణికాయి కానీ గాట్లు వణకలేదు. ఆ రోజు ముక్కల్లో ముల్లన్నది నాలిక్కి తగల్లేదు. మట్టికి మాత్రం మళ్లీ ఐదే.

మే నెల సగం అయిపోయింది. నాకు ఐదు కిందికి దిగే దారి కనబడలేదు. చదువుకోవడానికి కూర్చుంటే పుస్తకంలో అక్షరాల బదులు పళ్లెం అంచున మిగిలిన ముక్కలు కనిపించేవి.

దారి చెప్పింది నాయిన. “ఊళ్ల గీ చేపను వచ్చింది వచ్చినట్టు కోస్తుండెనా?” అన్నాడు అన్నం కలుపుతూ. “పానంతోని తెచ్చి మూడు దినాలు బావిల ఇడుస్తుండె. మంచినీళ్లల్ల తిండి లేకుంట తిరిగి తిరిగి కడుపుల బురదంత పోతుండె. గప్పుడు కోస్తుండె.”

“అబిడ్స్‌ల బావి యాడుంది?” అంది అమ్మ.

నాయిన ఆ రాత్రే మామకు ఫోన్ చేశాడు. తర్వాతి శనివారం మామ పొద్దుటి ప్యాసింజర్‌లో తడి గోనెసంచిలో చుట్టి ఆరు చేపల్ని ప్రాణంతో తెచ్చాడు. ఎక్కడ పెట్టారని అడిగితే నాయిన “ఫికర్ జెయ్యకు” అన్నాడు.

ఆదివారం పొద్దున శ్రీరామమూర్తి గారి కేక వినబడింది. ఆయన రోజూ సంపు మూత తీసి, కర్ర ముంచి నీళ్లెంతున్నాయో చూసుకుంటారు.

“బాలమల్లూ! ఇలా రావయ్యా! ఏంటి కదులుతోంది ఇందులో?”

“చేపలు సార్,” అన్నాడు నాయిన.

“చేపలని కనబడుతూనే ఉంది! మనం తాగే నీళ్లలో ఎందుకున్నాయి?”

“మూడు దినాలకే సార్. నీళ్లేం ఖరాబ్ గావు. ఊళ్ల బావిల గూడ గట్లనే...”

“ఇది బావి కాదు, నల్లా సంపు! పొద్దున్నే ఈ నీళ్లతోనే కాఫీ తాగాను నేను!”

“బాగుందన్నారుగా,” అన్నారు జానకమ్మ గారు వెనక నుంచి.

నాకు నవ్వు రాలేదు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఇల్లు ఖాళీ చేయమంటే మృగశిరకు ముందు ఎక్కడికి పోతాం? నాయిన తలొంచుకుని నిలబడ్డాడు. తప్పు చేశానని ఆయనకు ఇంకా అర్థం కాలేదు. ఊళ్లో బావిలో చేప తిరిగితే నీళ్లు బాగున్నట్టే లెక్క.

ఆ రోజంతా నాయినా నేనూ సంపులోకి దిగి నీళ్లన్నీ తోడి, బ్లీచింగ్‌తో రుద్ది కడిగాం. సాయంత్రానికి శ్రీరామమూర్తి గారి కోపం సణుగుడు దాకా దిగింది. జానకమ్మ గారు పెరటి మూల చూపించారు. అక్కడ వాళ్ల అత్తగారి కాలం నాటి సిమెంటు తొట్లు రెండు ఎండుటాకులు నిండి పడున్నాయి.

“వీటిల్లో పెంచుకోండి మీ సంతానాన్ని,” అన్నారు.

మూడు రోజులు పొద్దునా సాయంత్రం బోరు నీళ్లు మార్చాం. నాలుగో రోజు కోసి, గాట్లు పెట్టి, వేయించి, మామిడికాయ పులుసులో వేసింది అమ్మ. నేను ఒకసారి వాసన చూశాను. బయటికెళ్లి గాలి పీల్చుకొచ్చి మళ్లీ చూశాను.

“ఎంత?”

“ఒకటి.”

“సున్నా కాదా?”

“ఒకటమ్మా.”

అమ్మ నా చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ అంకె చుట్టూ తనే సున్నా చుట్టింది. అమ్మ పెన్ను పట్టుకోవడం చాలా రోజుల తర్వాత చూశాను.

మృగశిరకు నాలుగు రోజుల ముందు మామ ట్రాలీలో నీళ్ల డ్రమ్ములు పెట్టి ఇరవైరెండు చేపలు దించాడు. అక్వేరియం దుకాణం నుంచి గాలి మోటార్లు రెండు తెచ్చాం. అదే రోజు నాకు ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. సెలెక్షన్ లిస్టులో నా నంబరుంది. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు రమ్మన్నారు. తేదీ చూశాను. మృగశిర రోజే, ఉదయం తొమ్మిదిన్నరకు, నాంపల్లిలో.

“పో,” అంది అమ్మ. “గదేమన్న అడుగుడా?” కానీ ఆ పూట అంతా పోపులో ఏదో ఒకటి వేయడం మర్చిపోతూనే ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గాలి మోటార్లు ఆగిపోయాయి. ఎండకు తొట్టి నీళ్లు వేడెక్కి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నేనూ అమ్మా చెంబులతో నీళ్లు తోడి ఎత్తు నుంచి పోయసాగాం, గాలి కలుస్తుందని. జానకమ్మ గారు కూడా తన ఇత్తడి చెంబు తెచ్చుకుని స్టూలు మీద కూర్చున్నారు. గంటన్నర పోశాం.

“అదుగో, ఆ మూల ఒకటి పోయిందే,” అన్నారు ఆవిడ. “ఎప్పుడు పోయిందో, కంపు కొడుతోంది. పక్కనే ఉన్నావు, తెలియట్లేదా సమ్మక్కా?”

అమ్మ చెయ్యి ఆగింది. నేను చెంబులోకి చూస్తూ ఉండిపోయాను. జానకమ్మ గారు అమ్మనీ, నన్నూ చూశారు. లేచి ఆ చేపను తోకపట్టి తీసి అవతల పడేశారు.

మృగశిర రోజు తెల్లవారకముందే కోయడం మొదలుపెట్టాం. నాయిన పొలుసు తీశాడు, అమ్మ గాట్లు పెట్టింది. నా పని ప్రతి ముక్కా వాసన చూడటం. మొదటి చేప చూశాను. మట్టి వాసన వచ్చింది. గోడ వాసన చూశాను. మట్టే. నా చేతిని చూసుకున్నాను, గాజుల్ని, టీ గ్లాసుని. అన్నీ మట్టే. నెల రోజులు అదొక్క వాసన కోసమే వెతికి వెతికి, నా ముక్కు ఇక వేరే వాసనే చెప్పడం లేదు.

“ఎట్లుంది?” అంది అమ్మ కత్తిపీట మీంచి తలెత్తకుండా.

“మంచిగుంది,” అన్నాను.

ఇరవైఒక్క చేపలకూ అదే మాట చెప్పాను. స్నానం చేసి, ఫైలు పట్టుకుని బయల్దేరాను.

వెరిఫికేషన్ హాల్లో నా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. బల్ల వెనక ఉన్న పెద్దాయన నా డిగ్రీ పట్టా తీసుకుని, చదవబోయి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

“ఏంటమ్మా, చేపల వాసన?”

పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. అయినా అడగకుండా ఉండలేకపోయాను.

“ఏ వాసన సార్? మట్టి వాసనా?”

“మట్టేంటి?” ఆయన మళ్లీ పీల్చాడు. “మెంతులు, వెల్లుల్లి, మామిడికాయ. ఇంట్లో మృగశిర వంట మొదలుపెట్టేసినట్టున్నారు. ఇంకో గంటలో లంచ్ ఉందమ్మా, ఇలాంటివి మా ముందు పెడితే ఎలా?” అని ముద్ర కొట్టాడు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ కాగితానికి పట్టింది పాత పులుసుల వాసన కానీ ఈ పొద్దుటి చేపది కాదు కదా అని మెట్లు దిగుతుంటే మళ్లీ గుబులు పట్టుకుంది.

ఎగ్జిబిషన్ గ్రౌండ్ వైపు రోడ్డంతా ఉబ్బసానికి వేసే చేప మందు కోసం వచ్చిన జనం. ఆటో కదలదు. ఫైలు గుండెకు హత్తుకుని ఆ గుంపులోంచి అబిడ్స్ దాకా నడిచాను, సగం పరిగెత్తాను.

ఆఫీసు మూడో అంతస్తు హాలు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అందరూ వరుసలో నిలబడి ఉన్నారు. గిన్నెల మీద మూతలు తీయలేదు. అమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడి ఉంది. నాయిన పక్కన గరిటె పట్టుకుని ఉన్నాడు.

“సార్లు, మేడములు, జర ఆగున్రి. ఒక మాట చెప్పి పెడత,” అంది అమ్మ. “మార్చి సంది నాకు వాసన తెలుస్తలేదు. ఉప్పు, పులుపు నాలికె మీద చూసి ఏసిన. చేప బంగారుతీగ. మూడు దినాలు మంచినీళ్లల్ల పెట్టినం. వాసన నా బిడ్డ చూసి చెప్తుండె. పొద్దున ఆ పోరి ముక్కు గూడ అలిసింది. మంచిగుంది మంచిగుంది అన్నది గని, ఆమె మొఖం నేను చూసిన. గందుకే మీరే చూసి చెప్పున్రి. వాసనుంటే తినకున్రి. పప్పు గూడ వండిన.”

నాయిన గరిటె దించి అమ్మ వైపు చూశాడు.

అమరేశ్వరరావు గారు వరుసలోంచి బయటికొచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, అమ్మ మూత తీయగానే వంగి, కళ్లద్దాలు ఆవిరి పట్టేంత సేపు వాసన చూశారు. పళ్లెం అందుకుని చాపారు.

ఆయన వెనక ఒక మేడం వంగి చూసింది. ఆమె వెనక టైపిస్టు, ఆయన వెనక డ్రైవరు. ఇక అదొక పద్ధతి అయిపోయింది. ఒకరి తర్వాత ఒకరు గిన్నె మీదికి వంగడం, పీల్చడం, పళ్లెం చాపడం. “త్వరగా చూడవయ్యా, మొత్తం నువ్వే పీల్చేస్తే మాకేం మిగులుతుంది?” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

చివర్లో ఒక పెద్ద వయసు అటెండరు లేచొచ్చాడు. “అమ్మా, గీ ముక్కల జర ఉంది,” అన్నాడు ఇబ్బందిగా.

“ఏదీ, ఇటియ్యన్నా.” అమ్మ ఆ ముక్కను తీసుకుని వేరే పళ్లెంలో పెట్టి, ఇంకో ముక్క వేసింది. హాలు వైపు తిరిగి “ఇంకెవలకన్న ఉందా?” అని అడిగింది. ఎవరికీ లేదు. పప్పు గిన్నె దాదాపు నిండుగానే ఉండిపోయింది.

గిన్నెలు సర్దుతుంటే అమరేశ్వరరావు గారు వచ్చారు. “క్యాంటీన్‌లో కూడా రోజూ ఇలాగే అడుగుతావా సమ్మక్కా?”

“రోజు అడుగుత సార్. మొదలొచ్చినోళ్లకు ముక్కు డ్యూటీ.”

“అయితే జూలై ఒకటి నుంచి గది సర్దుకో. నేను మావాళ్లతో మాట్లాడాను.”

అమ్మ తల ఊపింది. ఆయన వెళ్లిపోయాక మూతలు ఒక్కొక్కటే గిన్నెల మీద పెట్టింది. నాయిన దగ్గరికొచ్చి “మార్చి సందా?” అని మాత్రం అడిగాడు. “ఔ,” అంది అమ్మ. ఆయన పెద్ద గిన్నె తన తలకెత్తుకున్నాడు.

ఆటోలో ఇంటికెళ్తుంటే అబిడ్స్ చౌరస్తాలో చినుకులు మొదలయ్యాయి. వేడి రోడ్డు మీద పడి మాయమైపోతున్న పెద్ద పెద్ద చినుకులు. అమ్మ ఒళ్లో ఖాళీ గిన్నె, నా ఒళ్లో ఫైలు.

“మట్టి వాసన వస్తుందా?” అని అడిగింది అమ్మ.

పీల్చాను. నెల రోజులు మార్కులేసి మార్కులేసి నేను తరిమిన వాసన, ఆటో నిండా, పదికి పది.

“వస్తుందమ్మా.”

“ఎట్లుంది?”

“మామ తెచ్చిన మొదటి చేప లెక్కనే ఉంది.”

అమ్మ పగలబడి నవ్వింది. తర్వాత ఆటోలోంచి ముఖం బయటికి పెట్టి, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది. ఈసారి ఎవరో చూడాలని కాదు.